చేతులు మనవి, లైసెన్సు ఎవరిది?

'కాళ్ళు పట్టడం' అంటే అలిసినవాడి కాళ్ళు పిసికి నొప్పి తీయడం. 'కాళ్ళు పట్టుకోవడం' అంటే తప్పు కాయమని దేబిరించడం. పల్లెల్లో ఈ రెండు మాటల మధ్య దూరం ఎప్పుడూ తక్కువే. దొర కాళ్ళు పట్టినవాడే అవసరమొస్తే దొర కాళ్ళు పట్టుకున్నాడు. ఇవ్వాళ అదే పని హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నంలో 'ఫుట్ రిఫ్లెక్సాలజీ' అనే బోర్డు కింద ఏసీ గదుల్లో జరుగుతోంది. పని పేరు మారింది, రేటు మారింది. దాంతోపాటే కొన్ని ప్రశ్నలు కూడా వచ్చినయి. ఈ పనికి నీకున్న అర్హత ఏంది? సర్టిఫికెట్ ఎక్కడ? లైసెన్సు ఎవరిచ్చారు?

ఈ ప్రశ్నలు అడగడం తప్పు కాదు. ఒంటి మీద చెయ్యి వేసేవాడికి పని తెలిసి ఉండాల. కానీ ఈ ప్రశ్న ఎప్పుడు పుట్టింది, ఎవరు ఎవరిని అడిగారు అనేది చరిత్రకు సంబంధించిన విషయం. ఆ చరిత్ర తిరగేస్తే ఒక సంగతి కనబడుతుంది. ఒంటిని ముట్టుకునే పని మైల పనిగా ఉన్నంతకాలం దానికి లైసెన్సు అడిగిన నాథుడు లేడు. ఆ పనికి జీతమూ గౌరవమూ వచ్చే ఘడియకు మాత్రం రిజిస్టరు తెరుచుకుంది. తరతరాలుగా ఆ పని చేసిన చేతులు ఆ రిజిస్టరు బయటనే ఉండిపోయినయి.

ఒక మాట ముందే చెప్పుకోవాల. రిఫ్లెక్సాలజీ రోగాలు నయం చేస్తుందని ఈ వ్యాసం వాదించదు. అమెరికాలో చెవి, ముక్కు, గొంతు డాక్టరు విలియం ఫిట్జెరాల్డ్ 1917లో 'జోన్ థెరపీ' అని రాసినదాన్ని యూనిస్ ఇంగమ్ 1930లలో పాదాలకు ప్రత్యేకించి పెంచింది. అరికాల్లో ఒకచోట నొక్కితే కాలేయం, ఇంకోచోట నొక్కితే మూత్రపిండం బాగవుతుందనే మాటకు శాస్త్రీయ రుజువు లేదు. మర్దనతో ఒంటినొప్పి కొంతసేపు తగ్గుతుంది, నిద్ర పడుతుంది. ఆ మాత్రం మన ముసలోళ్ళకు ఏ జోన్ పటమూ లేకుండానే తెలుసు. ఇక్కడ చర్చ ఆ తెలివిని ఎవరి పేరున రాశారు అనే దాని గురించి.

రాసే చెయ్యి, ముట్టుకునే చెయ్యి

మనుస్మృతి వైద్యుణ్ణి గౌరవించలేదు. మూడో అధ్యాయం శ్రాద్ధానికి పిలవకూడనివాళ్ళలో వైద్యుణ్ణి చేర్చింది. నాలుగో అధ్యాయం వైద్యుడు పెట్టే అన్నాన్ని చీముతో పోల్చింది. పదో అధ్యాయం వైద్యాన్ని అంబష్ఠులనే సంకర కులానికి అప్పగించింది. వైద్యుడు కళ్ళతో చూసి, చేత్తో ముట్టి తెలుసుకుంటాడు. అట్లా తెలుసుకునే పద్ధతే పురోహిత వర్గానికి గిట్టలేదని దేబీప్రసాద్ చటోపాధ్యాయ 1977లో వచ్చిన తన పుస్తకంలో వాదించాడు. తర్వాతి కాలంలో వైద్యం రెండుగా చీలడానికి బీజం ఇక్కడ ఉంది. శ్లోకం చదివి మందు చెప్పేవాడు ఒక పక్క, రక్తమూ చీమూ ముట్టుకునేవాడు ఇంకో పక్క.

కానీ ప్రాచీన వైద్య గ్రంథాలు కూడా ఇంత దూరం పోలేదు. చరక సంహిత చికిత్సకు నాలుగు పాదాలు చెప్పింది: వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. పరిచారకుడికి పని తెలిసి ఉండాలనీ, నేర్పు, ప్రేమ, శుభ్రత ఉండాలనీ గుణాలు కూడా లెక్కపెట్టింది. చికిత్సాలయంలో స్నానం చేయించేవాళ్ళు, ఒళ్ళు పట్టేవాళ్ళు ఉండాలంది. అంటే ఒళ్ళు పట్టే చేతికి వైద్యంలో నాలుగో వంతు వాటా ఉన్నదని ఆ గ్రంథమే ఒప్పుకుంది. చరకుడి పేరు చెప్పుకునే ఆధునిక కౌన్సిళ్ళ రిజిస్టరులో వైద్యుడికి చోటుంది. ఆ నాలుగో వంతు ఏమైందో చెప్పేవాడు లేడు.

శూద్రకుడి 'మృచ్ఛకటికం'లో సంవాహకుడనే పాత్ర ఉంది. అతను పాటలీపుత్రంలో గృహస్తు కొడుకు. ఒళ్ళు పట్టడాన్ని విద్యగా నేర్చుకున్నాడు, తర్వాత అదే బతుకుతెరువైంది. జూదంలో చెడి, చివరికి బౌద్ధ భిక్షువవుతాడు. పుట్టుకతో వచ్చిన పనిగా కాక, నేర్చుకున్న విద్యగా మర్దన మనకు ఇక్కడ కనబడుతుంది. ఇంకో పేరు మనం మరవకూడదు: ఉపాలి. శాక్యుల ఇంట్లో క్షురకుడు. బౌద్ధ సంప్రదాయం ప్రకారం రాజకుమారులకంటే ముందు అతనికే దీక్ష ఇచ్చారు, వాళ్ళు అతనికి మొక్కాలని. రాజగృహంలో జరిగిన మొదటి సంగీతిలో వినయ నియమాలను అప్పగించింది అతనే. ఎవరు అర్హులు, ఎవరు కారు అనే నియమావళికి ఒకప్పుడు క్షురకుడే ప్రమాణం!

తెలుగునాట ఒంటి పని కులాలవారీగా పంచబడింది. క్షౌరం, తలంటు, మర్దన, కురుపులు కోయడం, కట్లు కట్టడం మంగలి కులానిది. 1909లో థర్‌స్టన్, రంగాచారి అచ్చువేసిన ఏడు సంపుటాలు కూడా దక్షిణాది క్షురక కులాల మగవాళ్ళు వైద్యం చేస్తారనీ ఆడవాళ్ళు మంత్రసానులనీ నమోదు చేశాయి. తమిళంలో ఆ కులానికి 'మరుత్తువర్' అనే పేరే ఉంది. మన వైపు చాలా ఊళ్ళలో కాన్పు చేయడం, బొడ్డు కోయడం, మాయ పూడ్చడం, బాలింతకు నూనె రాసి ఒళ్ళు పట్టడం మంగలి, చాకలి, మాల, మాదిగ ఆడవాళ్ళ పని.

ఇందులో ఇంకో నిజాన్ని కూడా దాచకుండా చెప్పుకోవాల. ఊరి మంగలి చెయ్యి మాలపల్లెకు, మాదిగవాడకు రాలేదు. అగ్రకులాల ఒత్తిడి ఒక కారణం, తానూ ఒక మెట్టు పైనున్నాననే భావన ఇంకో కారణం. సేవ చేసిన కులాలన్నీ ఒకటే అని గంపగుత్తగా మాట్లాడితే అంటరానితనం మాయమైపోతుంది, చరిత్రలోంచి మాత్రమే.

రిజిస్టరు ఎట్లా పుట్టింది

బ్రిటన్‌లో 1858 మెడికల్ చట్టం డాక్టర్లకు ఒకే రిజిస్టరు పెట్టింది. అదే నమూనా ఇక్కడికొచ్చింది. బొంబాయిలో 1912, బెంగాల్‌లో 1914, మన కోస్తా, రాయలసీమ ఉన్న మద్రాసు రాష్ట్రంలో 1914. ఈ చట్టాల పద్ధతి గమనించాల. రిజిస్టరులో లేనివాడు వైద్యమే చేయకూడదని అవి నేరుగా నిషేధించలేదు. రిజిస్టరులో ఉన్నవాడి సంతకానికే విలువ, అతనికే సర్కారు ఉద్యోగం అన్నాయి. మిగతావాళ్ళను ఎవరూ జైల్లో పెట్టలేదు. వాళ్ళ మాటకు విలువ లేకుండా పోయింది, అంతే. కులం పనిచేసే తీరు తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా కనబడదు.

దీని మీద ఆయుర్వేద, యునానీ, సిద్ధ వైద్యులు గట్టిగానే గొడవపడ్డారు. దేశీ వైద్యాన్ని అవమానించారన్నారు. ఫలితంగా మద్రాసు ప్రభుత్వం 1921లో ముహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన కమిటీ వేసింది. కమిటీ 1923లో నివేదిక ఇచ్చింది. 1925లో మద్రాసులో ప్రభుత్వ దేశీ వైద్య పాఠశాల మొదలైంది. ఇది వలస పాలన మీద గెలుపే. కానీ ఎవరి గెలుపు? బడిలో పెట్టింది గ్రంథం ఉన్న వైద్యాన్ని. సంస్కృతం, అరబ్బీ, తమిళ గ్రంథాలు ఉన్నవి శాస్త్రాలైనాయి. పుస్తకం లేని విద్య, అంటే మంగలి చేతిలోనూ మంత్రసాని చేతిలోనూ ఉన్నది, దేశీ వైద్యం లెక్కలోకి కూడా రాలేదు. తెల్లవాడు దేశీ వైద్యుణ్ణి చూసిన చూపుతోనే దేశీ వైద్యుడు మంత్రసానిని చూశాడు.

ఇంగ్లండులో మర్దన కథ ఇంకో రకంగా నడిచింది. 1894లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ లండన్ మర్దన గృహాల్లో వ్యభిచారం జరుగుతోందని రాసింది. ఆ మచ్చ తమ మీద పడకూడదని నలుగురు నర్సులు శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘం పెట్టారు. పరీక్ష పెట్టారు. డాక్టరు చెప్తేనే చేయాలి, మగవాళ్ళకు మామూలుగా చేయకూడదు అని నియమాలు రాసుకున్నారు. 1920లో రాజు సన్నదు వచ్చింది. 1944కల్లా ఆ సంఘమే ఫిజియోథెరపీ సంఘమైంది. ఇవ్వాళ మన కాలేజీల్లో చెప్పే ఫిజియోథెరపీ డిగ్రీకి పూర్వీకులు ఈ మర్దన చేసిన ఆడవాళ్ళే. వాళ్ళకు చదువుంది, సంఘం ఉంది, పత్రికల్లో రాయగల చెయ్యి ఉంది. అందుకే 'మాలిష్' 'థెరపీ' కాగలిగింది. సంఘం పెట్టుకునే వీలు లేనివాళ్ళు మచ్చతో మిగిలిపోయారు.

మంత్రసాని పెట్టె

1903లో లేడీ కర్జన్ పూనికతో విక్టోరియా మెమోరియల్ స్కాలర్‌షిప్ నిధి ఏర్పడింది. పల్లెల్లో దాయీలకు శిక్షణ ఇవ్వడం దాని ఉద్దేశం. 1918లో ఆ నిధి అచ్చువేసిన నివేదిక నిండా దాయీల మురికి, మొండితనం, మూఢత్వం గురించిన మాటలే. కాన్పుల్లో తల్లీబిడ్డలు చచ్చిపోవడం నిజం. కానీ మురికి ఎక్కడినుంచి వచ్చింది? కాన్పును మైల అన్నది ఎవరు? పాత చాప, గాలి లేని గది, పారేసే గుడ్డలు ఇచ్చింది ఎవరు? ఆ ఏర్పాటుకు మంత్రసానిని ముద్దాయిని చేశారు.

1926లో మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చింది. పేరులో మంత్రసాని ఉంది గానీ రిజిస్టరులో ఎక్కింది ఆసుపత్రిలో చదివి పరీక్ష పాసైన మిడ్‌వైఫ్. 1946లో భోర్ కమిటీ తగినంతమంది మిడ్‌వైఫ్‌లు తయారయ్యేదాకా దాయీలకు శిక్షణ ఇచ్చి వాడుకొమ్మంది. అంటే అప్పటిదాకానే. ఆ తర్వాత వాళ్ళేమవుతారన్నది ఎవరికీ పట్టలేదు.

మా నాయనమ్మ ఈ 'అప్పటిదాకా' మనిషి. ఊళ్ళో అన్ని కులాల కాన్పులూ చేసింది. పెద్దిళ్ళకు దొడ్డి దారిన పోయేది. పురుడు తీరిందాకా బాలింతకూ బిడ్డకూ నూనె రాసి నీళ్ళు పోసేది. పాత చీర, కొన్ని వడ్లు ఇచ్చేవారు. ఆమె వచ్చి పోయిన చోట నీళ్ళు చల్లుకునేవారు. 1980లలో దగ్గర్లోని సర్కారు దవాఖానలో శిక్షణ ఇచ్చి ఒక పెట్టె ఇచ్చారు. అందులో కత్తెర, దారం, దూది, సబ్బు. "చేతులు కడుక్కోమని నేర్పిన్రు, మంచిదే. నాకేం తెలుసో మాత్రం ఒక్కరూ అడగలే" అనేది. వందేళ్ళ రిజిస్ట్రేషన్ చరిత్ర మీద ఇంతకంటే సూటి విమర్శ నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

ఇక్కడ పొరపాటు పడకూడదు. ఆసుపత్రి కాన్పులు మన తల్లుల ప్రాణాలు కాపాడినయి. శుభ్రమైన బ్లేడు, టీకా వచ్చాకే పురిటి ధనుర్వాతం పోయింది. 2015లో దేశం దాని నుంచి బయటపడ్డట్టు ప్రకటించారు. ఎవరూ మళ్ళీ చీకటి గదికి పొమ్మనడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే. అదే సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కడుపు కోసి తీసినవి. ఈ కోతలు మితిమీరాయని గ్రహించాక మళ్ళీ మిడ్‌వైఫ్ గుర్తుకొచ్చింది. కేంద్రం 2018లో మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు ఇచ్చింది. నర్సింగ్ చదివినవాళ్ళకు ఇంకో 18 నెలల శిక్షణ. బాలింత పక్కన కూచోవడం, నడిపించడం, నడుము రుద్దడం, ధైర్యం చెప్పడం అందులో పాఠాలు. 2023లో నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. మిడ్‌వైఫ్ తిరిగొచ్చింది. మంత్రసాని రాలేదు.

ఇవ్వాళ చట్టం ఎక్కడుంది

1970లో భారతీయ వైద్య కేంద్ర కౌన్సిల్ చట్టం వచ్చినప్పుడు చిన్న కిటికీ ఒకటి తెరిచారు. రాష్ట్ర రిజిస్టరు లేనిచోట అప్పటికి అయిదేళ్ళుగా వైద్యం చేస్తున్నవాళ్ళ హక్కును కాపాడారు. ఆ తర్వాతి తరానికి ఆ కిటికీ లేదు. 2018 ఏప్రిల్‌లో కేరళ పారంపర్య వైద్యుల కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే తేల్చింది. గుర్తింపు పొందిన అర్హత, రిజిస్ట్రేషన్ లేకుండా వంశపారంపర్య అనుభవంతో వైద్యం చేసే హక్కు లేదంది. రోగి ప్రాణం దృష్ట్యా ఆ తీర్పును అర్థం చేసుకోవచ్చు. అయితే ఆ అర్హత సంపాదించే దారి ఎవరికి తెరిచి ఉంది అనేది కోర్టు ముందుకు రాని ప్రశ్న.

2021లో అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. దాని షెడ్యూలులో ఫిజియోథెరపీ ఉంది, పాద వైద్యుడు ఉన్నాడు, నాట్య చికిత్సకుడూ ఉన్నాడు. మర్దనకు, రిఫ్లెక్సాలజీకి పేరు లేదు. అలైడ్ వృత్తిలో అడుగుపెట్టాలంటే కనీసం 2000 గంటల కోర్సు చదవాల. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 చేతివృత్తులకు సర్టిఫికెట్, గుర్తింపు కార్డు ఇస్తోంది. అందులో క్షురకుడు ఉన్నాడు, కత్తీ కత్తెరా పట్టుకున్నంతవరకు. ఒళ్ళు పట్టే పని, కాన్పు చేసే పని ఆ 18లో లేవు. అంటే చేతి పనుల లెక్కలోనూ అవి రాలేదు, ఆరోగ్య వృత్తుల లెక్కలోనూ రాలేదు.

మరి మర్దనను ప్రభుత్వం ఎక్కడ గుర్తిస్తుంది? మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సులోనూ, పోలీసు దాడుల్లోనూ. ట్రేడ్ లైసెన్సు షాపుకు ఇస్తారు, పేరు యజమానిది. గదిలో పనిచేసే చెయ్యి ఎవరిదో అందులో ఉండదు. 2021 డిసెంబరులో మద్రాసు హైకోర్టులో ఒక న్యాయమూర్తి స్పాలన్నిటిలో సీసీ కెమెరాలు పెట్టమన్నారు. 2022 జనవరిలో మదురై బెంచీ న్యాయమూర్తి అది మనుషుల ఏకాంత హక్కును దెబ్బతీస్తుందన్నారు. 1894 లండన్ అనుమానమే 2022లోనూ నడిచింది. దాడి జరిగిన రోజు ముఖానికి చున్నీ కప్పుకొని టీవీలో కనబడేది పనిచేసే పిల్ల. లైసెన్సు ఉన్న యజమాని కనబడడు.

లైసెన్సు రిజర్వేషన్ కూడా కావచ్చు

లైసెన్సు ఎప్పుడూ గెంటేసే పనే చేస్తుందా అంటే, లేదు. జపాన్‌లో చూపులేనివాళ్ళు వందల ఏళ్ళుగా మర్దన పనిలో ఉన్నారు. 1964లో అక్కడి చట్టాన్ని సవరించి, వాళ్ళ బతుకుతెరువుకు దెబ్బ అనుకుంటే చూపున్నవాళ్ళ కోసం కొత్త మర్దన బడులకు అనుమతి నిరాకరించవచ్చన్నారు. 2022 ఫిబ్రవరిలో జపాన్ సుప్రీంకోర్టు అది రాజ్యాంగబద్ధమేనంది. దక్షిణ కొరియాలో మర్దన లైసెన్సు చూపులేనివాళ్ళకే. 2006 మేలో అక్కడి రాజ్యాంగ కోర్టు అది ఇతరుల వృత్తి స్వేచ్ఛకు అడ్డమని కొట్టేసింది. చూపులేనివాళ్ళు వీధుల్లోకొచ్చారు, వంతెనల మీద నుంచి నదిలోకి దూకారు, ప్రాణాలు పోయినయి. కొద్ది నెలల్లోనే పార్లమెంటు చట్టం సవరించింది. 2008 అక్టోబరులో అదే కోర్టు దాన్ని సమర్థించింది.

'మెరిట్' పేరుతో మన రిజర్వేషన్ల మీద రాళ్ళేసేవాళ్ళు ఈ కథ చదవాల. లైసెన్సు నియమం రాసేటప్పుడు ఎవరి బతుకు దీని మీద ఆధారపడి ఉంది అని అడగడం వింత కోరిక కాదు. రెండు దేశాల అత్యున్నత కోర్టులు ఆ ప్రశ్నను న్యాయమైనదిగా ఒప్పుకున్నాయి.

కానీ కొరియా నమూనాను యథాతథంగా తెచ్చుకొని మర్దనకు మంగలికే, కాన్పుకు మాదిగామెకే లైసెన్సు అంటే? అది కులవృత్తికి సర్కారు ముద్ర వేయడమే అవుతుంది. కులం పనిని విభజించడంతో ఆగదు, పనిచేసేవాళ్ళనే మెట్లు మెట్లుగా విభజిస్తుందని అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో చెప్పాడు. ఇష్టం లేని పనిలో పుట్టుకతో కట్టిపడేయడాన్ని ఆయన ఖండించాడు. మా నాయనమ్మ పెట్టె నాకు వద్దు. ఆమె తెలివిని తెలివిగా ఒప్పుకోవడం మాత్రం కావాల. ఈ రెండూ ఒకేసారి కోరడంలో వైరుధ్యం లేదు. పనిని కులం నుంచి విడదీయాల, పని తెలిసినవాళ్ళకు దక్కాల్సిన గౌరవాన్ని వాళ్ళకు చేర్చాల.

అందుకని మన సంఘాలు, విద్యార్థులు, టీచర్లు చర్చించాల్సిన డిమాండ్లు ఇవి. మర్దనకు రేపు ఏ లైసెన్సు పెట్టినా, పుస్తక పరీక్షతో పాటు చేతి పని చూసి అర్హత ఇచ్చే పద్ధతి అందులో ఉండాల. ఆ పరీక్ష తెలుగులో, ఫీజు లేకుండా, ఏ కులంవాళ్ళయినా రాసేట్టు ఉండాల. లైసెన్సు షాపు యజమానికి కాక పనిచేసే మనిషి పేరున ఉండాల. అది చేతిలో ఉన్న మనిషిని పోలీసు కేసు కింద కాక కార్మిక చట్టం కింద చూడాల. ఫిజియోథెరపీ, నర్సింగ్, మిడ్‌వైఫరీ సీట్లలో, ప్రైవేటు కాలేజీలతో సహా, మన పిల్లలకు వాటా పూర్తిగా అందాల, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల్లో చదువు ఆగకూడదు. సర్కారే శిక్షణ ఇచ్చి, వాడుకొని, వదిలేసిన మంత్రసానులు ఇంకా ఊళ్ళలో బతికున్నారు. వాళ్ళకు పింఛను ఇవ్వాల. అన్నిటికంటే ముందు వాళ్ళ దగ్గర కూచోవాల. ఏం తెలుసో అడిగి, వాళ్ళ పేర్లతో రాసి పెట్టాల. ఆ పని ఏ కౌన్సిలూ చేయదు. మన పరిశోధక విద్యార్థులు ఈ సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు.